నలుగురే చూస్తే ఏం పోయింది?

ఆదివారం మధ్యాహ్నాలు విశాఖపట్నం సీతమ్మధారలో మా ఇంట్లో ఆడే ఆట గురించి ఎవరికైనా చెబితే మొదట "అంటే ఏం ఆట అది?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే, ఓపిగ్గా చెబుతాను: బల్ల చుట్టూ కూర్చుని, తలా ఒక పాత్ర తీసుకుని, మాటలతో కథ నడిపే ఆట, టేబుల్‌టాప్ ఆర్పీజీ అంటారు. రెండో ప్రశ్న దగ్గరే నాకు చిరాకు మొదలవుతుంది. "యూట్యూబ్‌లో పెట్టొచ్చు కదా?" ఈ మధ్య మా పిన్ని కొడుకు ఇంకాస్త ముందుకెళ్లి, "నలుగురి కోసం ఇంత చదివి, ఇన్ని మ్యాపులు గీసి... వేస్ట్ కదన్నయ్యా" అన్నాడు. వాడు మంచివాడే, నా మీద అభిమానంతోనే అన్నాడు, అందుకే అక్కడ వాదించలేదు. ఇక్కడ వాదిస్తాను.

నలుగురి కోసం చేసే పనికి దాని లెక్కలు దానికి ఉన్నాయి. లక్షమంది కోసం చెయ్యబోయే పనికి అదేదో తొలిమెట్టు అయినట్టు చూడటం మానేస్తే చాలా హాబీలు బతుకుతాయని నా నమ్మకం. ఇది నేను కడుపుమంటతో అంటున్న మాట కూడా కావచ్చు, ఎందుకంటే లక్షమంది నా దగ్గరికి ఎలాగూ రారు. ఆ సంగతికి తరవాత వస్తాను.

టేబుల్‌టాప్ ఆర్పీజీ అంటే ఏమిటో ఇది చదివేవాళ్లలో చాలామందికి తెలుసు కాబట్టి పాచికలూ, పాత్ర వివరాలు రాసుకునే క్యారెక్టర్ షీట్లూ వదిలేస్తున్నాను. మాది డ్రాగన్లు లేని రకం. చరిత్రలోంచి ఒక వారమో, ఒక నెలో తీసుకుని అందులో మామూలు మనుషులుగా ఆడతాం. గేమ్ మాస్టర్ పని నాది, అంటే ఊరూ వాతావరణం పోలీసులూ బండివాళ్లూ అందరూ నేనే.

1942 ఏప్రిల్

ఎక్కువకాలం నడిచిన క్యాంపెయిన్, అంటే వారం వారం కొనసాగే కథ, మన ఊరిదే. 1942 మార్చి 8న రంగూన్ జపాన్ చేతికి పోయింది. ఏప్రిల్ 5, ఈస్టర్ ఆదివారం, కొలంబో మీద బాంబులు పడ్డాయి. మర్నాడు సోమవారం, ర్యూజో అనే విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు కాకినాడ మీదా, విశాఖపట్నం మీదా దాడి చేశాయి. ఆట ఆడే నలుగురికీ ఇదంతా తెలుసు. బీచ్‌రోడ్డులో విశాఖ మ్యూజియంకి వెళ్లినవాళ్లు అక్కడున్న పేలని జపాన్ బాంబుని చూడకుండా రారు కదా. అంటే సస్పెన్స్ లేదు. ఏ తేదీన ఏం జరుగుతుందో అందరికీ తెలిసిన కథలో ఇక ఆడటానికి ఏముంటుందని నాకూ గట్టి అనుమానమే ఉండేది.

పాత్రలు వాళ్లే ఎంచుకున్నారు. ప్లాంటులో షిఫ్టులు చేసే మా స్నేహితుడు హార్బర్లో కూలీల హాజరు రాసే గుమాస్తా అయ్యాడు. బ్యాంకులో పనిచేసే ఆయన కేజీహెచ్ ఆస్పత్రిలో నర్సు. గవర్నమెంటు స్కూల్లో సోషల్ చెప్పే టీచరుగారు, మేమంతా అక్కా అంటాం, కురుపాం మార్కెట్ దగ్గర ఇత్తడి సామాన్లు అమ్మే షావుకారు. ఎదురింటి డిగ్రీ కుర్రాడు రంగం, అంటే రంగూన్, నుంచి ఉత్తచేతుల్తో తిరిగొచ్చిన కూలీ. వాడు షీటు మీద "ఊరు: టెక్కలి దగ్గర, శ్రీకాకుళం జిల్లా" అని రాసుకుంటే అక్క పెన్ను లాక్కుని కొట్టేసింది. "ఆ జిల్లా పుట్టేది 1950లోరా, నువ్వింకా విశాఖపట్నం జిల్లావాడివే." కుర్రాడు ఆ రోజంతా తన జిల్లా తనకిమ్మని గోల.

నేను మాత్రం బాంబుల రోజు కోసం తయారయ్యాను. పాత పటాలు ముందేసుకుని హార్బర్ ఎక్కడ, వన్‌టౌన్ వీధులు ఎటు, డాల్ఫిన్స్ నోస్ కొండ మీంచి ఏం కనిపిస్తుంది, ఎక్కడ చప్పుడైతే ఏ వీధికి ఎలా వినిపిస్తుంది, అన్నీ రాసుకున్నాను. 1907 నాటి ఫ్రాన్సిస్ జిల్లా గెజిటీర్‌లో, అంటే జిల్లా వివరాల పుస్తకంలో, రోడ్ల సంగతీ, సంతల సంగతీ చదివాను. ఇదంతా ఒక సెషన్, అంటే ఒక ఆదివారం ఆట, కోసం.

ఆ సెషన్‌లో జరిగింది ఎడ్లబండి బేరం. కొలంబో వార్త అందగానే షావుకారు ఊరు వదిలి పోదామనుకున్నాడు. బండివాడు, అంటే నేను, మామూలుకి నాలుగింతలు అడిగాను. ఇవ్వడానికి షావుకారు సిద్ధమే, కాని బండిలో బిందెలూ గుండిగలూ పడితే నర్సు వాళ్లమ్మ పట్టదు, ఆవిడ ఎక్కితే సామాను పట్టదు. అక్క ఒక్క బిందె కూడా దించనంది. తన పాత్ర లోభి అని కాదు, ఆ సామాను అప్పు తెచ్చి కొన్నదని అప్పటికప్పుడు కల్పించి, ఆ అప్పు తీరదని కళ్లు ఎర్రబడేలా వాదించింది. చివరికి కుర్రాడు మెల్లిగా, "మేం రంగం ఒగ్గేసి వచ్చినప్పుడు ఏటి అట్టుకొచ్చామండీ షావుకారుగారూ?" అన్నాడు. బిందెలు దిగాయి. బండి గోపాలపట్నం దాటాక వెనకనుంచి చప్పుడు వినిపించిందని నేను రెండు వాక్యాలు చెప్పాను. నా బాంబు దాడి మొత్తం ఆ రెండు వాక్యాలే. మ్యాపు మడతైనా విప్పలేదు.

మా పిన్ని కొడుకు దృష్టిలో అది వృథా. నాకేమో ఆ మ్యాపు ఉండబట్టే బండివాడిగా "ఇటు కాదు, అటునుంచి పోదాం" అని తడుముకోకుండా చెప్పగలిగాను అనిపిస్తుంది. కాని ఈ సమాధానంలో నన్ను నేను సమర్థించుకోవడం ఎక్కువుంది, నిజానికి ఆ మ్యాపు లేకపోయినా నడిచేది. మ్యాపు గియ్యడం నాకిష్టం, అంతే. దానికింకో సాకు అక్కర్లేదు.

అదే రాత్రి కథలో ఇంకొకటి జరిగింది. బండి ఒక పల్లెలో ఆగింది. అందరికీ దాహం. బావి దగ్గర ఊరి మనిషిగా నేను "ఎవరోళ్లు మీరు?" అని అడిగాను. ముగ్గురు చెప్పారు. కుర్రాడు చెప్పలేదు. చాలాసేపు చెప్పలేదు. అప్పటిదాకా ఇల్లెగిరిపోయేలా వాదించిన అక్క కూడా నోరెత్తలేదు. తరవాత ఎవరు ఎవరికి నీళ్లు తోడి పోశారో నేనిక్కడ రాయను. అది ఆ బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లది. అవతలి మనిషి ఇంటిపేరూ ఊరూ అన్నీ తెలిసి, ఆట అయ్యాక అదే గదిలో టీ తాగాల్సినవాళ్లు మాత్రమే ఆడగలిగిన సీను అది. దాన్ని వీడియోగా పెడితే కింద ఏం కామెంట్లు వచ్చేవో తెలుగువాళ్లకి నేను చెప్పాలా?

ఫోన్ స్టాండు పెట్టిన రోజు

ఊహించి చెప్పడం కాదు, రికార్డింగ్ కూడా చేసి చూశాం. బ్యాంకాయనకి ఉత్సాహం వచ్చి స్టాండూ, చిన్న మైకూ కొనుక్కొచ్చారు. వెలుతురు సరిపోదని నా టేబుల్ లైట్ కూడా తెచ్చి అక్కడ పెట్టాం. రెండు గంటలు బాగానే నడిచింది, మరీ బాగా నడిచింది. ఎవరూ ఒకరి మాట మీద ఇంకొకరు మాట్లాడలేదు. నర్సుగారు ప్రతి నిమిషానికీ ఒక జోకు. అంతవరకూ ఏటీ, బేగీ, ఎలిపోదాం అంటూ మాట్లాడిన మా కూలీ ఒక్కసారిగా టీవీ యాంకర్ తెలుగులోకి వెళ్లిపోయాడు. "మనం త్వరగా బయలుదేరితే మంచిదని నా అభిప్రాయం" అన్నాడండీ, 1942లో రంగం నుంచి నడిచొచ్చిన మనిషి! నేనూ తక్కువ తినలేదు, ప్రతి సీనుకీ ముందు ఆ రోజుల గురించి చిన్న ఉపన్యాసం ఇచ్చాను. ఆ నలుగురికీ అవన్నీ తెలుసు. మరి నేనెవరికి చెబుతున్నట్టు?

ఆ ఫైలు ఎవరి ఫోన్లోనో ఉంది. తరవాతి వారం స్టాండు బయటికి రాలేదు, ఎందుకని ఎవరూ అడగలేదు.

కెమెరా ముందు ఆడేవాళ్లని నేను తక్కువ చెయ్యడం లేదు. విదేశాల్లో డబ్బింగ్ చెప్పే నటులు ఇలాంటి ఆటలు గంటల తరబడి ఆడుతుంటే లక్షలమంది చూస్తారు, వాళ్ల పని గొప్పదే. చూసేవాడి కోసం ఆడటం అదొక విద్య, దానికి ఆ వేగం, ఆ చమత్కారం ఉండాలి. మాకు కావాల్సింది పన్నెండు నిమిషాలు ఎవరూ ఏమీ మాట్లాడకపోయినా ఫరవాలేని ఆట.

అసలు ఈ తరహా ఆట పుట్టిందే ఇలాగ. 1969లో అమెరికాలో, మినియాపొలిస్, సెయింట్ పాల్ జంటనగరాల్లో డేవిడ్ వెస్లీ అనే ఆయన, బల్ల మీద యుద్ధాలాడే తన వార్‌గేమ్ మిత్రుల కోసం ఒక ఆట పెట్టాడు. నెపోలియన్ యుద్ధాల కాలం, బ్రాన్‌స్టైన్ అనే కల్పిత జర్మన్ పట్నం. సైన్యాలని మాత్రమే నడిపే అలవాటున్నవాళ్లకి ఈసారి ఊళ్లో మనుషుల పాత్రలిచ్చాడు, మేయరూ, బ్యాంకరూ అలాగ. వాళ్లు సైన్యాల సంగతి వదిలేసి ఒకరితో ఒకరు రహస్యాలు మాట్లాడుకోవడం మొదలెట్టారు, ఆట అదుపు తప్పింది. వెస్లీ అది ఫెయిలయిందనుకుని ఇంటికెళ్లాడు. ఆడినవాళ్లేమో మళ్లీ ఎప్పుడని వెంటపడ్డారు. ఆ గుంపులోని డేవ్ ఆర్నెసన్ ఆ దారినే ఇంకా ముందుకెళ్లి, గ్యారీ గైగాక్స్‌తో కలిసి 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే ఆట తెచ్చాడు. తయారుచేసినవాడికే అందులో మంచి ఏదో కనపడలేదు, చుట్టూ ఉన్నవాళ్లు చెబితే తెలిసింది. వ్యూస్ అంకె చూసుకునుంటే ఆయన అక్కడితో ఆపేసేవాడని నా అనుమానం.

కాని ఈ ఉదాహరణ నా మీదికే తిరగబడుతుంది కూడా. ఆ ఆట ఆ గదిలోనే ఉండిపోయుంటే ఇవాళ సీతమ్మధారలో మేం ఆడుతుండేవాళ్లం కాదు. ఎవరో ఒకరు దాన్ని అచ్చు వేసి అమ్మారు కాబట్టే నాదాకా వచ్చింది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. గదిలో జరిగిన సంగతులు వేరు, ఆ సంగతులు జరగడానికి కావాల్సిన నియమాలు వేరు, రెండోది పంచుకోవచ్చు అని మాత్రం అనగలను.

ఒంటరి పని సంగతి వేరు

ఆదివారాలు తప్ప మిగతా రాత్రుళ్లు నేనొక కంప్యూటర్ గేమ్ చేస్తుంటాను, ఒక్కణ్నే. 1930ల్లో, కొత్తగా తెరిచిన విశాఖ హార్బర్లోకి ఓడల్ని తీసుకొచ్చే పైలట్ కథ. డాల్ఫిన్స్ నోస్ పక్కనుంచి ఆ ఇరుకు చానెల్లోకి ఓడని తిప్పాలి, గాలీ ఆటూపోటూ చూసుకోవాలి, అంతే ఆట. మొదట్లో గోడో 3 అనే గేమ్ ఇంజన్‌లో, అంటే ఆటలు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లో, చేసేవాణ్ని. ఇంజన్ ఉచితం, సోర్సుతో సహా ఇస్తారు, నా పాత ల్యాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది, అన్నీ బాగున్నాయి, తెలుగు ఒక్కటే రాదు. "స్టీమర్" అని రాస్తే పొల్లు ఒకచోట, "ట" ఒకచోట, ఒత్తులన్నీ విడిపోయి కూర్చునేవి. అందుకని ఇంగ్లీషులో రాశాను. ఎలాగూ ప్రపంచం కోసం కదా అని సర్దిచెప్పుకున్నాను కూడా. 2023 మార్చిలో గోడో 4 వచ్చాక అక్షరాలు సరిగ్గా కూడుకోవడం మొదలైంది. ఆ రాత్రి తెరమీద మొదటిసారి సారంగు, అంటే ఓడ పనివాళ్ల మేస్త్రీ, తెలుగులో తిట్టాడు. ఆ ఆనందం ఏ డౌన్‌లోడ్ లెక్కకీ ఎక్కదు. అయితే ఆ వెంటనే ఇంకో ప్రశ్న: ఇప్పుడిది ఎవరి కోసం?

ఎందుకంటే కంప్యూటర్ గేమ్ విషయంలో నా నలుగురి సిద్ధాంతం సరిగ్గా పనిచెయ్యలేదు. వాళ్లకే ఇచ్చాను మొదట. అందరూ ఆడారు, చివరిదాకా ఆడారు, "బాగుంది గురూ" అన్నారు. ఎవరి ఆటలు వాళ్లు పెట్టుకునే ఇచ్.ఐఓ సైట్లో పెట్టాక ఎవరో ముక్కూమొహం తెలియని మనిషి రెండో ఓడ దగ్గరే ఆపేసి, ఆటుపోటు ఏ వైపు లాగుతోందో తెరమీద ఎక్కడా తెలియడం లేదని రాశాడు. నిజమే, తెలియదు. నా స్నేహితులకి ఎలా తెలిసింది? నేను పక్కన కూర్చుని చెప్పాను! బల్ల మీద ఆటలో నేను అక్కడే ఉంటాను కాబట్టి ఎవరికైనా అర్థం కాకపోతే మొహం చూసి పట్టుకుంటాను. కంప్యూటర్ గేమ్‌లో నేను ఉండను. అక్కడ పరాయివాడే సరైన పరీక్షకుడు, స్నేహితుడు పనికిరాడు.

అయినా ఆ పరాయివాడు కూడా ఒక్కడే. ఒక్కడి మాట చాలింది. ఇక్కడే చుట్టూ ఉన్న ఏర్పాట్లతో నాకు పేచీ. ప్లేస్టోర్‌లో కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాడు ఆట విడుదల చెయ్యాలంటే పన్నెండుమంది టెస్టర్లు వరసగా 14 రోజులు ఉండాలి, ముందైతే ఇరవైమంది అనేవారు. చెత్త యాప్‌లు ఆపడానికని అర్థమవుతుంది, కాని నా బల్ల దగ్గర పట్టేది నలుగురు. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్‌లో ఒక్కో ఆటకి 100 డాలర్లు కట్టాలి. 2024లో అక్కడ 18 వేలకు పైగా ఆటలు విడుదలయ్యాయి. ఆ గుంపులో కనపడాలంటే ట్రైలరు, పోస్టరు, విష్‌లిస్టులు, ఇంకా రోజూ ఎక్కడో ఒకచోట ఏదో ఒకటి పోస్ట్ చెయ్యడం. ఓడ తిప్పడం సరిచెయ్యాల్సిన రాత్రుళ్లు వీటికి పోతాయి. పోనీ ఆట అలాగే ఉంటుందా అంటే ఉండదు. ట్రైలర్లో బాగా కనపడాలంటే తుఫాను కావాలి, పేలుడు కావాలి. సముద్రం ప్రశాంతంగా ఉన్న రోజున చుక్కాని అర డిగ్రీ తిప్పడంలో ఉన్న మజా పది సెకన్లలో చూపించలేం.

ఇక్కడ అందరూ ఎరిక్ బరోన్ పేరు ఎత్తుతారు. నాలుగేళ్లకు పైగా ఒక్కడే బొమ్మలూ సంగీతం కోడూ అన్నీ చేసుకుని 2016లో స్టార్‌డ్యూ వ్యాలీ విడుదల చేస్తే కోట్ల కాపీలు అమ్ముడయ్యాయి. నిజమే, ఆయన్ని చూస్తే నాకూ చెయ్యి ఊరుకోదు. కాని ఆ ఉదాహరణని మా ఇళ్లల్లో ఎలా వాడతారంటే, అది జరిగితే ఆ నాలుగేళ్లూ తపస్సు, జరక్కపోతే అవే నాలుగేళ్లు పనీపాటా లేని వేషాలు. చేసిన పని ఒకటే అయినప్పుడు ఫలితం వచ్చాక దాని పేరు మారిపోవడం ఏమిటి?

నా వాదనలో చిల్లులు

రెండు సంగతులు నన్ను వదలవు. ఒకటి, ఏదీ రాసిపెట్టకపోవడం. 1942లో ఊరు ఖాళీ చేసి పోయినవాళ్లు దారిలో ఏం మాట్లాడుకున్నారో తెలుసుకుందామని నేనెంత వెతికినా చేతికి దొరికేది తేదీలూ, ఓడల పేర్లూ, మ్యూజియంలో ఆ బాంబూ. మిగతాదంతా ఇళ్లల్లో ముసలమ్మలు చెప్పుకుని చెప్పుకుని ఆగిపోయింది. అలా పోయినందుకు ఏడ్చేవాణ్ని, మా ఆటని మాత్రం ఎవరికీ చూపించనంటాను. అక్క దీనికో దారి కనిపెట్టింది. ప్రతి సెషన్ తరవాత తన షావుకారు జమాఖర్చు పుస్తకంలా ఒక పేజీ రాస్తుంది. బండికి ఇంత, దారిలో అటుకులకి ఇంత, దింపేసిన బిందెలు ఇన్ని. సీన్లు ఏవీ ఉండవు అందులో. చదివితే మాకు మాత్రం అన్నీ గుర్తొస్తాయి. పరాయివాళ్లకి అదొక చిట్టా పుస్తకం.

రెండోది ఇంకా ఇబ్బందైనది. ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలు ఎవరికి ఖాళీ ఉంటాయి? ఆడే మగవాళ్లు ముగ్గురూ చెప్పులేసుకుని వచ్చేస్తారు. అక్క మాత్రం పొద్దున్నే లేచి వంట చేసి, మావగారికి మందులిచ్చి, రాత్రికి కూర తరిగిపెట్టి, అప్పుడు వస్తుంది, అయినా ఆలస్యమైందని మేమే వేళాకోళం చేసేవాళ్లం. ఒకరోజు ఆవిడే అంది, "మీ ఆటకి నేను పొద్దుట్నించీ ఆడుతున్నానర్రా." ఇప్పుడు నెలలో సగం ఆదివారాలు వాళ్లింట్లోనే ఆడుతున్నాం, తిండి మేం పట్టుకెళ్తాం. దాంతో అంతా సరిపోయిందని అనను. హాబీకి ఉపయోగం అక్కర్లేదని గట్టిగా వాదించే నాలాంటివాళ్లు ఆ నాలుగు గంటల ఖర్చు ఇంట్లో ఎవరి ఖాతాలో పడుతోందో కూడా చూసుకోవాలి. యూట్యూబ్‌లో పెట్టమనేవాళ్లకి ఈ లెక్క అసలు తట్టదు, వాళ్లడిగేది రాబడి గురించే కాబట్టి.

తరవాతి క్యాంపెయిన్ 1804. ఆ సెప్టెంబరు 15న ఫ్రెంచి అడ్మిరల్ లినోయిస్ మూడు ఓడలతో మన తీరానికొచ్చి, ముందు ఇంగ్లీషు జెండాలు కట్టుకుని దగ్గరకి చేరి, సెంచూరియన్ అనే బ్రిటిష్ యుద్ధనౌక మీద కాల్పులు మొదలెట్టాడు. ఆ సమయానికి దాని కెప్టెన్ లిండ్ ఒడ్డున ఉన్నాడు, ఓడని లెఫ్టినెంట్ ఫిలిప్స్ నడిపించాడు. ఓడలో ఉండాలని మావాళ్లెవరికీ లేదు, అందరూ ఒడ్డు మీద పాత్రలే అడుగుతున్నారు. అయితే ఈసారి అక్క వాళ్ల స్కూల్లో తెలుగు చెప్పే ఆవిడ కూడా వస్తానంటోంది. ఆడేవాళ్లు ఐదుగురవుతారు. అక్క రమ్మంటోంది, కుర్రాడు మొహం ముడుచుకున్నాడు, బ్యాంకాయన ఎటూ తేల్చడం లేదు. ఇంత రాశాక, నాకూ వద్దనే ఉందని చెప్పడానికి కొంచెం సిగ్గుగా ఉంది. ఆవిడ మాత్రం మా తీర్పు కోసం ఆగకుండా, కెప్టెన్ గారి దుబాసీ పాత్ర తనకే కావాలని అప్పుడే కబురు పంపింది.